ట్రావెల్ ట్రైలరుకు ఏ జనరేటరు, ఏ ఇంధనం?

సమాధానం మొదలుపెట్టే ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టుగా ఒకసారి చెబుతాను. డాలస్ దగ్గర ఉంటున్న మీరు ఈ మధ్యే 26 అడుగుల ట్రావెల్ ట్రైలరు, అంటే బండికి తగిలించి లాగే చక్రాల ఇల్లు, కొన్నారు. పైకప్పు మీద 13,500 బీటీయూల (బీటీయూ వేడిని కొలిచే యూనిట్) ఏసీ ఒకటి, 30 ఆంపియర్ల కరెంటు కనెక్షను, ముందు భాగాన 20 పౌన్ల ప్రొపేన్ సిలిండర్లు రెండు, లాగడానికి పెట్రోలు పికప్ ట్రక్కు ఉన్నాయి. ఏడాదికి ఐదారు ప్రయాణాలు చేస్తారు. విజయవాడ నుంచి వస్తున్న మీ అత్తమామలను ఈ వేసవిలో బిగ్ బెండ్, ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనాలకు తీసుకువెళ్లాలన్నది మీ ఆలోచన. పెద్ద దుకాణాల్లో తక్కువ ధరకు దొరికే 4,000 వాట్ల జనరేటరు సరిపోతుందా, లేక దానికి రెట్టింపు ధర పెట్టి ఇన్వర్టర్ జనరేటరు (లోడును బట్టి వేగం తగ్గించుకునే, శబ్దం తక్కువ రకం) తీసుకోవాలా, పెట్రోలు, ప్రొపేన్, డీజిల్ మూడింటిలో ఏది మేలు అని అడిగారు.

నేను పదకొండేళ్లుగా ట్రైలరు లాగుతున్నాను, ఈ పదకొండేళ్లలో మూడు జనరేటర్లు మార్చాను. మీ పరిస్థితికి నా సలహా ఇది: 3,000 వాట్లకు పైబడిన తరగతిలో, పెట్రోలుతోనూ ప్రొపేన్‌తోనూ నడిచే ఇన్వర్టర్ జనరేటరు ఒకటి తీసుకోండి, మీ ఏసీకి సాఫ్ట్ స్టార్టర్ (కంప్రెసరును మెల్లగా మొదలుపెట్టించే చిన్న పెట్టె) పెట్టించండి, మామూలుగా ప్రొపేన్ మీదే నడపండి, పెట్రోలును మాత్రం ఎక్కువ గంటలు నడపవలసిన రోజుకు దాచుకోండి. డీజిల్ సంగతి మీరు మరిచిపోవచ్చు. ఈ నిర్ణయానికి ఎలా వచ్చానో వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ ట్రైలరులోగానీ అలవాట్లలోగానీ ఒక్క విషయం మారినా సలహా మారిపోతుంది.

మాటల గురించి ఒక చిన్న మనవి. ఈ దేశంలో గ్యాస్ అంటే పెట్రోలు, మన ఇళ్లలో గ్యాస్ అంటే వంటగ్యాస్. ఒకసారి మా మామగారిని గ్యాస్ ఎంత ఉందో చూడమంటే ఆయన సిలిండరు దగ్గరికి వెళ్లి తట్టి చూసి సగం ఉందన్నారు, నేను అడిగింది జనరేటరు ట్యాంకు గురించి. అందువల్ల ఈ సమాధానంలో పెట్రోలు అనీ ప్రొపేన్ అనీ మాత్రమే రాస్తాను. ఇక్కడి ప్రొపేన్ మన వంటగ్యాసూ ఒకటి కావు. మన సిలిండరులో ప్రొపేన్‌తో పాటు బ్యూటేన్ కూడా కలిసి ఉంటుంది, ఇక్కడ సిలిండర్లలో నింపేది దాదాపు ప్రొపేనే. బ్యూటేన్ నీరు గడ్డకట్టే చలిలోనే ఆవిరి కావడం మానేస్తుంది, ప్రొపేన్ సున్నాకు కింద 44 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఆవిరి అవుతూనే ఉంటుంది. చలి విషయం మళ్లీ వస్తుంది.

ముందుగా ఎన్ని వాట్లు కావాలో తేల్చుకోవాలి. మీ ట్రైలరు కనెక్షను 30 ఆంపియర్లది కాబట్టి 120 వోల్టుల దగ్గర మీరు ఎంత ప్రయత్నించినా 3,600 వాట్లకు మించి వాడలేరు, అంతకన్నా పెద్ద జనరేటరు కొంటే ఆ అదనపు శక్తి మీ ట్రైలరులోకి రాదు. ఇక 13,500 బీటీయూల ఏసీ నడుస్తున్నప్పుడు సుమారు 1,300 నుంచి 1,500 వాట్లు తీసుకుంటుంది. చిక్కంతా అది నడిచేటప్పుడు కాదు, మొదలయ్యేటప్పుడు. కంప్రెసరు కదిలే ఆ క్షణంలో అది 3,000 వాట్ల చుట్టుపక్కల అడుగుతుంది, వేడి రోజున అంతకన్నా ఎక్కువే అడగవచ్చు. ఆ ఒక్క క్షణం కోసం జనం పెద్ద పెద్ద జనరేటర్లు కొని ఏడాది పొడవునా మోస్తుంటారు. సాఫ్ట్ స్టార్టర్ అనేది ఏసీ మూత కింద బిగించే చిన్న పెట్టె, అది కంప్రెసరును ఒక్కసారిగా కాకుండా మెల్లగా తిప్పి ఆ తొలి గుంజుడును సగానికి పైగా తగ్గిస్తుంది. కొన్ని రకాలు మొదటి కొద్ది స్టార్టులలో మీ కంప్రెసరు తీరును గమనించి దానికి తగ్గట్టు సర్దుకుంటాయి, ఆ తొలి స్టార్టులను జనరేటరు మీద కాకుండా కరెంటు ఉన్న క్యాంపు సైటులో చేయించడం మంచిది. నేను ట్రైలరు మీద పెట్టిన ఖర్చులన్నిటిలో దీనికి పెట్టినంత సార్థకమైన ఖర్చు మరొకటి లేదు.

లెక్కలో జనం సాధారణంగా మరిచిపోయేవి మరికొన్ని ఉన్నాయి. జనరేటరు తగిలించగానే ట్రైలరులోని కన్వర్టరు (బయటి కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చే పెట్టె) బ్యాటరీని చార్జి చేయడం మొదలుపెడుతుంది, బ్యాటరీ బాగా దిగి ఉంటే అది ఒక్కటే 900 వాట్ల దాకా లాగుతుంది. మీ ఫ్రిజ్ ప్రొపేన్‌తోనూ కరెంటుతోనూ నడిచే పాత రకమైతే, తనంతట మారే ఆటో సెట్టింగులో ఉన్నప్పుడు బయటి కరెంటు కనిపించగానే చెప్పకుండా దాని మీదికి మారిపోయి మరో 300 వాట్లు తీసుకుంటుంది. వేడినీళ్ల ట్యాంకుకు విద్యుత్ ఎలిమెంటు ఉంటే అది 1,400 వాట్లు. కాబట్టి జనరేటరు వేసే ముందు ఫ్రిజ్‌ను ప్రొపేన్ మీద పెట్టి, వేడినీళ్ల ఎలిమెంటు స్విచ్చి ఆపి, ఆ తర్వాతే ఏసీ వేయడం అలవాటు చేసుకోండి.

ఈ పాఠం నాకు కొబ్బరి చట్నీ నేర్పింది. మేము న్యూ మెక్సికోలో కరెంటు లేని చోట దిగిన ఒక ఉదయం ఏసీ నడుస్తోంది, బ్యాటరీ చార్జి అవుతోంది, మా అత్తగారు దోసెల పక్కకు చట్నీ కోసం 110 వోల్టుల మిక్సీ తిప్పారు. అదే సమయంలో మా అమ్మాయి మైక్రోవేవ్‌లో పాలు పెట్టింది. మైక్రోవేవ్ మీద 1,000 వాట్లు అని రాసి ఉంటుంది కానీ అది వండే శక్తి, గోడ నుంచి తీసుకునేది 1,500 వాట్లు. జనరేటరు మీద ఎర్ర దీపం వెలిగింది, ఇంజను తిరుగుతూనే ఉంది, కరెంటు మాత్రం ఆగిపోయింది. ఇన్వర్టర్ రకం ఇలా ఓవర్‌లోడ్ అయినప్పుడు తనను తాను కాపాడుకుంటుంది, బటను నొక్కో ఆపి మళ్లీ వేసో తిరిగి తెచ్చుకోవచ్చు. ఆనాటి నుంచి మా ఇంట్లో ఒక నియమం ఉంది, ఏసీ నడిచేటప్పుడు పొయ్యి ప్రొపేన్‌దే, మిక్సీ తిప్పాలంటే ముందు ఏసీని ఫ్యాను మీద పెట్టాలి. మీరు ఇండక్షన్ పొయ్యి తీసుకువెళ్లాలని అనుకుంటే అది 1,800 వాట్లని గుర్తుంచుకోండి.

ఇక తక్కువ ధర 4,000 వాట్ల జనరేటరు సంగతి. ఇళ్లు కట్టేచోట వాడే ఆ రకం ఇంజను, లోడు ఉన్నా లేకపోయినా నిమిషానికి 3,600 సార్లు తిరుగుతుంది, ఎందుకంటే ఇక్కడి కరెంటుకు కావలసిన 60 హెర్ట్జులు ఆ వేగం నుంచే వస్తాయి. ఇన్వర్టర్ జనరేటరు ముందు తయారైన కరెంటును బ్యాటరీలో ఉండే రకం డీసీ కరెంటుగా మార్చి, మళ్లీ ఎలక్ట్రానిక్స్‌తో గోడ సాకెట్‌లో వచ్చే రకం శుభ్రమైన కరెంటుగా చేస్తుంది కాబట్టి ఇంజను వేగాన్ని లోడును బట్టి తగ్గించుకోగలదు. ఫోన్లు, ల్యాప్‌టాపులు చార్జి చేసుకునే సాయంత్రం అది గుసగుసలాడినట్టు తిరుగుతుంటే, ఇంధనం కూడా ఆ మేరకే ఖర్చవుతుంది. శబ్దం తేడా కాగితం మీద పదిహేను, ఇరవై డెసిబెల్స్‌గా కనిపిస్తుంది. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి రెట్టింపు అనిపిస్తుందన్నది తెలిస్తే ఆ తేడా ఎంతో అర్థమవుతుంది.

మీరు వెళ్లాలనుకుంటున్న చోట్లకు ఇది సౌకర్యం విషయం మాత్రమే కాదు. జాతీయ ఉద్యానవనాల నియమాల ప్రకారం జనరేటరు వంటి యంత్రం శబ్దం 50 అడుగుల దూరంలో 60 డెసిబెల్స్ దాటకూడదు. ఎల్లోస్టోన్‌లో అనుమతి ఉన్న క్యాంపుగ్రౌండ్లలో ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకే నడపాలి, కొన్ని చిన్న క్యాంపుగ్రౌండ్లలో అసలు నడపనివ్వరు. యోసెమిటీలో రోజుకు మూడు దఫాలు, ఒక్కోసారి రెండేసి గంటలే. బిగ్ బెండ్‌లో రియో గ్రాండే విలేజ్ దగ్గర జనరేటర్లు నిషేధించిన భాగం వేరుగా ఉంది, సైటు తీసుకునేటప్పుడు చూసుకోండి. అటవీశాఖ భూముల్లో ఉండాలంటే సైలెన్సరుకు నిప్పురవ్వలు బయటపడనివ్వని జాలీ, అంటే స్పార్క్ అరెస్టర్, ఉండి తీరాలి. దుకాణంలోనే అడిగి చూసుకోండి.

ఈ గంటల లెక్క చూశాక మీకొక విషయం తట్టి ఉండాలి. రాత్రిపూట ఏసీ వేసుకుని పడుకోవడానికి జాతీయ ఉద్యానవనంలో జనరేటరు పనికిరాదు. అందువల్ల పెద్దవాళ్లతో బిగ్ బెండ్‌కు వేసవిలో వెళ్లవద్దని నా గట్టి సలహా, అక్కడి నది ఒడ్డున ఆ నెలల్లో 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటడం మామూలే. నవంబరు నుంచి మార్చి లోపు వెళ్లండి. వేసవిలో టెక్సాస్‌లోనే తిరగాలంటే రాష్ట్ర పార్కుల్లో కరెంటు ఉన్న సైటులు చాలా దొరుకుతాయి, నెలల ముందే బుక్ చేసుకుంటే సరి. ఎల్లోస్టోన్ లోపల కరెంటు కనెక్షను ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కు ఒక్కటే, అది చాలా త్వరగా నిండిపోతుంది. జనరేటరు నిజంగా ఏసీకి పనికొచ్చేది దారిలో మధ్యాహ్నం ఆగినప్పుడు, ఖాళీ ప్రభుత్వ భూముల్లో దిగినప్పుడు, ఇంకా ఇంటి దగ్గర కరెంటు పోయినప్పుడు.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఇంధనం. చాలామంది దీన్ని ఏ ఇంధనానికి బలం ఎక్కువ, ఏది చవక అన్న దృష్టితో చూస్తారు. గ్యాలనుకు పెట్రోలులో సుమారు 1,14,000 నుంచి 1,20,000 బీటీయూలు, ప్రొపేన్‌లో 91,500, డీజిల్‌లో 1,37,000 ఉంటాయి కాబట్టి ఆ లెక్కలో ప్రొపేన్ ఓడిపోతుంది. అదే ఇంజను ప్రొపేన్ మీద దాదాపు పది శాతం తక్కువ శక్తి ఇస్తుంది. ఇవన్నీ నిజమే. అయితే ఏడాదికి ఐదారు సార్లు బయటికి వెళ్లే కుటుంబపు జనరేటరు మొత్తం మీద నలభై, యాభై గంటలు పనిచేస్తుంది, మిగతా కాలమంతా గ్యారేజీలో నిద్రపోతుంది. దాన్ని పాడుచేసేది పని కాదు, ఆ నిద్రే. కాబట్టి మీలాంటివారు చూడవలసింది ఏ ఇంధనం బాగా మండుతుందని కాదు, ఏ ఇంధనం బాగా నిలవ ఉంటుందని.

ఇక్కడి బంకుల్లో దొరికే పెట్రోలులో సాధారణంగా పది శాతం ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పెట్రోలులోని తేలికపాటి భాగాలు నెమ్మదిగా ఎగిరిపోతాయి, మిగిలింది జిగురులా మారుతుంది. కారులో ఇది తెలియదు, ఎందుకంటే కారు ట్యాంకు వారం వారం ఖాళీ అవుతుంది, పైగా అది మూసి ఉన్న వ్యవస్థ. జనరేటరులో ఇంధనాన్ని గాలితో కలిపే కార్బురేటరు అడుగున చిన్న గిన్నె ఉంటుంది, అందులో నిలిచిన రెండు మూడు చెంచాల పెట్రోలు చాలు పని పాడుచేయడానికి.

నా మొదటి జనరేటరును అక్టోబరులో వాడి అలాగే మూల పెట్టి మార్చిలో తీశాను. తాడు ముప్పై సార్లు లాగి ఉంటాను. చోక్ సగం మూస్తే పది సెకన్లు తిరిగి, ఊగి, ఆగిపోయేది. మరమ్మతు దుకాణానికి తీసుకువెళితే కార్బురేటరు మొత్తం మార్చాలన్నారు, అడిగిన డబ్బు కొత్త జనరేటరు ధరలో మూడోవంతు. నేనే విప్పాను. కింది గిన్నె విప్పగానే పాత వార్నిష్ వాసన కొట్టింది, గిన్నె అడుగున పచ్చని పొర పట్టి ఉంది. పెట్రోలు వెళ్లే ఇత్తడి జెట్టును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే, సూది బెజ్జం కన్నా సన్నని ఆ రంధ్రంలో వెలుగు కనిపించలేదు. సన్నని రాగి తీగతో పొడిచి, కార్బురేటరు క్లీనరు కొట్టి, మళ్లీ ఎత్తి చూసినప్పుడు చుక్కంత వెలుగు కనిపించింది. బిగించాక రెండో లాగుకే అందుకుంది. ఆ పది నిమిషాల పనికి ముందు ఒక ప్రయాణం రద్దయింది.

ప్రొపేన్‌కు ఈ బాధ లేదు. అది పదేళ్లయినా సిలిండరులో అలాగే ఉంటుంది, ఇంజనులోకి ఆవిరిగానే వెళుతుంది కాబట్టి కార్బురేటరులో మిగిలేది ఏమీ ఉండదు, నూనె కూడా ఎక్కువ కాలం శుభ్రంగా ఉంటుంది. పైగా మీ ట్రైలరు ముందు భాగాన ఇప్పటికే రెండు సిలిండర్లు ఉన్నాయి, ట్రక్కులో పెట్రోలు డబ్బాలు, వాటి వాసన, వాటిని ఒలికించకుండా పోసే అవస్థ ఉండవు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ అంతా గడ్డకట్టి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు డాలస్‌లో ఉన్న మా బంధువు నాకు ఫోను చేశారు. ఆయన జనరేటరులో పెట్రోలు ఏడాది పాతది, దగ్గరలోని బంకులు కరెంటు లేక మూతపడ్డాయి. పెరట్లో వండుకునే గ్రిల్లు పొయ్యి కింద ఉన్న సిలిండరు మాత్రం నిండుగా ఉంది, కానీ ఆ జనరేటరు దాన్ని తీసుకోదు.

అయితే ప్రొపేన్ గురించి అమ్మేవాళ్లు చెప్పనివి కూడా చెప్పాలి. 20 పౌన్ల సిలిండరులో పట్టేది 4.7 గ్యాలన్లు, శక్తిలో అది మూడున్నర నుంచి నాలుగు గ్యాలన్ల పెట్రోలుకు సమానం. ఏసీ నడుపుతూ ఉంటే నా అనుభవంలో ఒక సిలిండరు తొమ్మిది, పది గంటలు వచ్చింది. పెట్టె మీద పద్నాలుగు గంటలని రాసి ఉంటే అది పావు లోడు మీద వేసిన లెక్క. అదే సిలిండర్ల మీద మీ ఫర్నేసు (ట్రైలరును వెచ్చబరిచే హీటరు), ఫ్రిజ్, పొయ్యి కూడా ఆధారపడి ఉన్నాయి. 30,000 బీటీయూల ఫర్నేసు ఆగకుండా మండితే సిలిండరు పద్నాలుగు గంటల్లో అయిపోతుంది. ఎల్లోస్టోన్‌లో జులైలో కూడా రాత్రి దుప్పటి కావాలి, మీ అత్తమామలు ఫర్నేసు ఆపనివ్వరు. కాబట్టి జనరేటరుకు మూడో సిలిండరు ఒకటి విడిగా ఉంచండి, ట్రైలరువి ముట్టుకోకండి. దాన్ని ట్రక్కు వెనుక తొట్టిలో నిలబెట్టి గట్టిగా కట్టాలి, క్యాబిన్‌లో పెట్టకూడదు. తూర్పు వైపు వెళితే బాల్టిమోర్ సొరంగాల వంటి కొన్ని చోట్ల ప్రొపేన్ మీద ఆంక్షలు ఉన్నాయని గుర్తుంచుకోండి.

రెండోది చలి. సిలిండరులోని ద్రవం ఆవిరి కావడానికి చుట్టూ ఉన్న వేడిని తీసుకుంటుంది. ఎక్కువ లోడు మీద గంటసేపు నడిపాక సిలిండరు కింది భాగాన మంచు పొర పట్టి, లోపల ద్రవం ఎంతవరకు ఉందో గీత గీసినట్టు కనిపిస్తుంది. సిలిండరు ఖాళీ అయ్యేకొద్దీ తడిసిన గోడ తగ్గుతుంది, ఆవిరి తక్కువ పుడుతుంది, చలికాలం ఉదయం జనరేటరు ఊగిసలాడి ఆగిపోతుంది. సిలిండరులో ఇంకా పావు వంతు ఉందని మీరు జనరేటరును తిడతారు. చలిలో లోడు తగ్గించి నడపండి, లేదా నిండు సిలిండరుకు మార్చండి. దాన్ని వేడి చేసే ప్రయత్నం మాత్రం ఎప్పుడూ చేయకండి.

మూడోది గొట్టం. మీ ట్రైలరు పక్కన గ్రిల్లు కోసం ఇచ్చిన ప్రొపేన్ కొళాయి ఉంటే, అక్కడికి వచ్చేది రెగ్యులేటరు దాటిన తక్కువ పీడనపు ఆవిరి. జనరేటరుతో వచ్చే గొట్టానికి దాని సొంత రెగ్యులేటరు ఉంటుంది, అది నేరుగా సిలిండరుకు తగిలించేలా చేసింది. ఈ రెండింటినీ వరసగా కలిపితే పీడనం చాలక జనరేటరు లోడు పడగానే చచ్చిపోతుంది. జనం దీన్నే చెడిపోయిన జనరేటరు అనుకుని వాపసు ఇచ్చేస్తుంటారు. మూడో సిలిండరుకు నేరుగా తగిలిస్తే ఈ తలనొప్పి ఉండదు. బిగించాక సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి, మన ఇళ్లలో సిలిండరు మార్చినప్పుడు చేసినట్టే.

ఎత్తు గురించి కూడా లెక్క వేసుకోవాలి. సముద్రమట్టం నుంచి ప్రతి వెయ్యి అడుగులకూ జనరేటరు శక్తి సుమారు మూడు, మూడున్నర శాతం తగ్గుతుంది. ఎల్లోస్టోన్ సరస్సు 7,700 అడుగుల పైన ఉంది కాబట్టి అక్కడ దాదాపు నాలుగో వంతు పోతుంది. పెట్రోలు మీద 3,100 వాట్లు నిలకడగా ఇచ్చే యంత్రం ప్రొపేన్ మీద 2,800 దగ్గర, ఆ ఎత్తులో 2,100 దగ్గర ఆగుతుంది. ఇది చూసి భయపడనవసరం లేదు, ఎందుకంటే ఏసీ కావలసిన చోట్లు పల్లంలో ఉంటాయి, ఎత్తు మీద అక్కర ఉండేది బ్యాటరీ చార్జికీ రెండు దీపాలకూ మాత్రమే. పెట్రోలు మీద మాత్రం ఎత్తులో గాలి పలచబడి ఇంధనం పాళ్లు ఎక్కువై నల్లపొగ వస్తుంది, ఎక్కువ రోజులు ఉండేవారు ఎత్తుకు తగిన జెట్టు మార్చుకోవాలి.

డీజిల్ ఎందుకు వద్దన్నానో క్లుప్తంగా చెబుతాను. డీజిల్ ఇంజను మీద నడిచే పెద్ద మోటార్‌హోముకు (బస్సులాంటి ఇంటిబండికి) డీజిల్ జనరేటరు సహజం, అదే ట్యాంకు నుంచి తాగుతుంది, దశాబ్దాలు మన్నుతుంది. చేతితో మోసే తరగతిలో డీజిల్ జనరేటర్లు బరువు, శబ్దం రెండూ ఎక్కువ, పైగా తక్కువ లోడు మీద నడిపితే సగం కాలిన ఇంధనం పొగగొట్టంలో తడిగా పేరుకుపోతుంది. మీ ట్రక్కు పెట్రోలుది, ఇక చర్చ లేదు. ట్రైలరులోనే బిగించి ఉండే ఓనన్ కంపెనీది వంటి జనరేటరు ఉన్నవారికి ఇంధనం ఎంపిక తయారీదారు ముందే చేసేశాడు. ఓనన్ 4,000 వాట్ల పెట్రోలు నమూనాకు ప్రొపేన్ రూపం 3,600 వాట్లు ఇస్తుందన్నది పైన చెప్పిన పది శాతానికి నిదర్శనం. పెట్రోలు మోటార్‌హోముల్లో జనరేటరుకు వెళ్లే గొట్టాన్ని ట్యాంకులో పావు వంతు ఎత్తున ముగిస్తారు, జనరేటరు ఆగిపోయినా బంకు దాకా వెళ్లడానికి బండికి ఇంధనం మిగలాలని. మంచి ఆలోచన.

రెండు చిన్న జనరేటర్లను కలిపి వాడే పద్ధతి గురించి మీరు అడగలేదు కానీ చెప్పక తప్పదు. హోండా ఈయూ2200ఐ ఒక్కొక్కటి నిలకడగా 1,800 వాట్లు ఇస్తుంది, బరువు 47 పౌన్లు, రెండింటిని తీగతో కలిపితే 3,600 వాట్లు. మీరు ఎంపిక చేసుకునే రెండు ఇంధనాల యంత్రం ఒక్కటే 90 పౌన్లకు పైగా తూగుతుంది, దాన్ని ట్రక్కు తొట్టిలోకి ఎక్కించడానికి ఇద్దరు కావాలి. మీకు నడుము నొప్పి ఉన్నా, ఒక్కరే దింపుకోవలసి వచ్చినా రెండు చిన్నవే మేలు, ఏసీ అక్కర లేని రోజున ఒకటే తీసుకువెళ్లవచ్చు. అయితే ఆ హోండా ట్యాంకు గ్యాలను కన్నా తక్కువ, పూర్తి లోడు మీద మూడు గంటల పైచిలుకు వస్తుంది, అదీ పెట్రోలు మీదే. నా రెండో జనరేటరు ఆ తరహాదే, శబ్దం విషయంలో దానికి సాటి లేదు, గ్యారేజీ నిద్ర విషయంలో మాత్రం మళ్లీ అదే కథ.

కాలిఫోర్నియాకు మారే ఆలోచన ఉంటే ఒక్క మాట. అక్కడ చిన్న ఇంజన్ల ఉద్గారాల నియమాలు 2024 నుంచి కొత్త జనరేటర్లకు కఠినమయ్యాయి, 2028 మోడల్ నుంచి తయారయ్యే కొత్తవి పొగ లేనివి కావాలన్నది నిబంధన. ఇప్పటికే కొన్నది వాడుకోవడానికి అడ్డు లేదు.

భద్రత గురించి ఒక్క విషయమే చెబుతాను కానీ దాన్ని తేలికగా తీసుకోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. పైన చెప్పిన 2021 తుపానులో చలికి తట్టుకోలేక జనరేటరును ఇంట్లోనో గ్యారేజీలోనో నడిపి ప్రాణాలు పోగొట్టుకున్నవారు టెక్సాస్‌లో ఉన్నారు. ప్రొపేన్ శుభ్రంగా మండుతుందన్నది నిజమే కానీ దాని పొగలోనూ ఆ విషవాయువు ఉంటుంది. జనరేటరును ట్రైలరుకు కనీసం 20 అడుగుల దూరంలో, పొగగొట్టం మీకూ పక్కవారి కిటికీలకూ ఎదురుగా లేకుండా, గాలి వాలున పెట్టండి. గుడారం కింద, ఆనింగ్ (ట్రైలరు పక్కకు చాపే గుడ్డ పందిరి) కింద, మూత ఉన్న ట్రక్కు తొట్టిలో నడపకండి. ఆ వాయువు పెరిగితే తనంతట ఆగిపోయే సెన్సరు ఉన్న నమూనానే కొనండి. ట్రైలరులో ఉన్న డిటెక్టరు వెనక ముద్రించిన తేదీ చూసి గడువు దాటితే మార్చండి, మీరు కొన్నది పాత ట్రైలరైతే అది ఇప్పటికే దాటి ఉండే అవకాశం ఎక్కువ. అందరూ పడుకున్నాక జనరేటరు నడపకండి.

కొన్నాక మొదటి వారంలోనే మీకు ఎదురయ్యే వింత ఒకటి ఉంది. మీ ట్రైలరుకు కరెంటును పరీక్షించే సర్జ్ ప్రొటెక్టరు ఉంటే, కొత్త ఇన్వర్టర్ జనరేటరు తగిలించగానే గ్రౌండ్ (ఎర్త్) లేదంటూ కరెంటును లోపలికి రానివ్వదు. యంత్రం చెడిపోలేదు. ఈ రకం జనరేటర్లలో చాలావాటిలో న్యూట్రల్, గ్రౌండ్ తీగలు లోపల కలిపి ఉండవు. ఖాళీగా ఉన్న మరో సాకెట్‌లో పెట్టడానికి, ఆ రెండింటినీ కలిపిన న్యూట్రల్ బాండింగ్ ప్లగ్ తయారుగా దొరుకుతుంది. దాన్ని జనరేటరుకు మాత్రమే వాడాలి, గోడ సాకెట్‌లో పొరపాటున కూడా పెట్టకూడదు. మాది ఎర్ర టేపు చుట్టి జనరేటరు పిడికే కట్టి ఉంచాను.

పోషణ విషయానికి వస్తే, కొత్త ఇంజనుకు తొలి ఇరవై గంటలకే నూనె మార్చండి, చదునైన చోట పెట్టి నడపండి, వాలు మీద పెడితే నూనె తక్కువైందనుకుని తానే ఆగిపోతుంది. నెలకోసారి సగం లోడు మీద, వీలైతే ట్రైలరు ఏసీ వేసి, కొంతసేపు నడపండి. కొత్త యంత్రంలో అసలు పెట్రోలు పోయకుండానే మొదలుపెట్టండి. ఎప్పుడైనా అవసరపడి పోస్తే, ఇంటికి వచ్చాక ఇంధనపు కొళాయి మూసి ఇంజను తనంతట ఆగేదాకా తిప్పి, గిన్నె కింది మర విప్పి మిగిలిన చుక్కలు కూడా వంపి, ట్యాంకులో మిగిలినదాన్ని ట్రక్కులో పోసేయండి. ఎల్లోస్టోన్‌కు బయలుదేరే ముందు ఒక శనివారం మధ్యాహ్నం, డాలస్‌లో ఎండ నడినెత్తి మీద ఉన్నప్పుడు, మూడో సిలిండరు తగిలించి, ఫ్రిజ్‌ను ప్రొపేన్ మీద పెట్టి, రెండు గంటలు ఏసీ నడిపి చూడండి. ఏసీ థర్మోస్టాటు మీద ఆగి మళ్లీ అందుకునేటప్పుడు జనరేటరు శబ్దం వినండి. ఒక్కసారి గొంతు సవరించుకున్నట్టు గుర్రుమని నిలదొక్కుకుంటే సరిపోయినట్టే. ఎర్ర దీపం వెలిగితే, ఆ సమయంలో మరేం నడుస్తోందో, సాఫ్ట్ స్టార్టర్ ఏ రకందో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.